ఉస్తాద్ నాలుక

ఖుదరతుల్లా ఉస్తాద్ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

కార్ఖానాలో ఆకురాళ్ల చప్పుడు ఆగింది. ఆయన మట్టి రుచి చూసేటప్పుడు ఎవరూ రాపిడి చేయకూడదు. బీదరులో ఆ సందుకి అది మసీదు మర్యాదంత మర్యాద. కోటలో ఎండా వానా ఎరగని చీకటి గదుల్లోంచి తవ్వి తెచ్చిన మట్టి అది. అందులో సురేకారం పాళ్లు సరిగ్గా ఉంటేనే, నవసాగరంతో ఉడికించి పూసినప్పుడు జింకూ రాగీ కలిసిన బిద్రీ పాత్ర కాటుకలా నల్లబడి, పొదిగిన వెండి తీగ ఒక్కటే తెల్లగా మిగులుతుంది. ఆ పాళ్లు తేల్చే యంత్రం సందులో ఎవరి దగ్గరా లేదు. ఉస్తాద్ నాలుక ఉంది.

తెలుగు చెవితో వింటే ఆయన పేరు ‘కుదరదుల్లా’ అని వినబడుతుంది. ఆయన కొలువు కూడా అదే. పది బస్తాలు తెస్తే ఎనిమిదింటికి ‘కుదరదు’ అనేవాడు, రెండింటికి ‘చల్తా’ అనేవాడు. ఆ రెండు మాటల మీద ఆరు కార్ఖానాలు నడుస్తున్నాయి. మన్ను తిన్న పాములా పడి ఉన్నాడని లోకం ఎవరినైనా వెక్కిరించవచ్చుగాని, ఆ సందులో మన్ను తిన్న మనిషికే పడగ.

మామూలుగా అయితే ముందు చల్లదనం తగలాలి. దాని వెనక కాస్త పులుపు. తర్వాత నాలుక అంచుల్లో సన్నటి చురుకు. చివర కొండనాలుక దగ్గర చేదు. ఈ నలుగురూ వరసగా వచ్చి సలాం చేసి పోతే మట్టి మంచిది. ఆ గురువారం పొద్దున నాలుక దగ్గరికి నలుగురిలో ఒక్కడూ రాలేదు. తడిగుడ్డ నోట్లో పెట్టుకున్నట్టుంది. ఇంకో చిటికెడు వేసుకున్నాడు. ఇసక పళ్ల మధ్య కరకరమంది. చప్పుడుంది, చప్పదనముంది, చవి మాత్రం లేదు.

“ఏం చాచా, మట్టితోని ముచ్చట్లు పెడుతున్నరా?” గుమ్మంలోంచి అడిగాడు ఇంతియాజ్. ఉస్తాద్ అన్న కొడుకు అతను. కార్ఖానా పెత్తనం అతనిదే. “బెంగుళూరోళ్ల సురాయిలు పన్నెండు. బుధవారం బండికెక్కాలె.”

సోమవారం నుంచి నాలుగు బస్తాలకు ‘కుదరదు’ అన్నాడు ఉస్తాద్. తెలియనప్పుడు కాదనడం సులువు. ఇది అయిదోది, ఆఖరిది. దీన్నీ కాదంటే ‘ఏమైంది’ అని అడుగుతారు.

“చల్తా,” అన్నాడు.

ఆకురాళ్లు మళ్లీ మొదలయ్యాయి. కొలిమి దగ్గరనుంచి కల్లప్ప లేచి వచ్చి బస్తా మూతి రెండు చేతులతో పట్టి లాక్కుపోయాడు. నలభై ఏడేళ్ల మనిషి. పాత్రలకు నలుపెక్కించే పని ఇరవై రెండేళ్లుగా అతనిదే. పేరులో కల్ల ఉంది గాని నోట్లో లేదు. అసలు ఆ నోట్లో మాటలే తక్కువ.

*

ఇల్లు కార్ఖానా వెనకే. మధ్యాహ్నం సాబెరా నేల మీద దస్తర్ గుడ్డ పరిచి ఖట్టీ దాల్, అన్నం, వేయించిన మిరపకాయలు పెట్టింది. మొగుడు మొదటి ముద్ద మింగేదాకా ఆమె చెయ్యి కంచంలోకి పోలేదు.

రెండు వారాలుగా ఆ ఇంట్లో భోజనమంటే పరీక్ష. మొదట ‘ఉప్పు లేదు’ అన్నాడు. వేసింది. ‘ఇంకా లేదు’ అన్నాడు. ఇంకా వేసింది. ఆ పూట అక్కడే తిన్న ఇంతియాజ్ రెండు చెంబుల నీళ్లు తాగి, “చాచీ, ఇది పప్పా ఉప్పా?” అన్నాడు. అప్పటినుంచి ఉస్తాద్ నోరు తినడానికి తెరుస్తున్నాడు, చెప్పడానికి మూస్తున్నాడు.

“ఎట్లుంది?”

“మంచిగుంది.”

“నిన్న గూడ మంచిగుందన్నరు. నిన్న నేను చింతపండు ఎయ్య మరిచిన.”

ఆయన మిరపకాయ కొరికాడు. ముక్కులోంచి నీరు కారింది, కళ్లు చెమర్చాయి. కారం మంట తెలుస్తోంది, మిరపకాయ తెలియడం లేదు. ఏడుపుందిగాని దుఃఖం లేనట్టు.

తిన్నాక గూట్లోంచి మందుపట్టీ తీశాడు. మూడు నెలల కింద నడుము చుట్టూ తామర పూసింది. చెరువులో పూస్తే చూసేవాడికి ముచ్చట, నడుము మీద పూస్తే గోకేవాడికి ముచ్చట. కొలిమి పక్కన చెమటలో కూర్చునే వాళ్లందరికీ ఈ ముచ్చట ఉన్నదేగాని ఉస్తాద్‌ది మరీ తోటలా పెరిగింది. చర్మాల డాక్టరమ్మ ఆరు వారాలకు మాత్రలు రాసింది. రోజుకి ఒక మాత్ర మాత్రమే, మానకుండా. మందుల షాపు బస్వరాజు పెట్టెలోంచి పట్టీలు తీసి, కావలసినన్ని కత్తెరతో కత్తిరించి చేతిలో పెట్టాడు. ముప్పై మూడు మింగాడు. తామర వాడిపోయింది. నాలుకా వాడిపోయింది.

“ఆ గోళీలే చేస్తున్నయి,” అంది సాబెరా.

“నడుముకిచ్చిన గోళీ నోటికేం జేస్తది?”

“పోయేది నోట్ల నుంచే గదా!”

ఆయన ముప్పైనాలుగోది మింగాడు. నీళ్లు కూడా నీళ్ల రుచి లేకుండా పోతున్నాయి గొంతులోకి.

*

శుక్రవారం పొద్దున కల్లప్ప మొదటి సురాయిని, పొడుగుమెడ కూజాని, పటకారుతో పట్టుకుని మంట మీద మెల్లగా తిప్పాడు. ముంజేతి వెనక భాగం దగ్గరగా పెట్టి వేడి చూసుకున్నాడు. ఇనప మూకుడులో మట్టీ నవసాగరమూ నీళ్లూ కుతకుతలాడుతున్నాయి. సురాయిని అందులో దించి గుడ్డతో రుద్దాడు. బురద చిమ్మి గడ్డం మీదా పెదాల మీదా పడింది. భుజానికి మూతి తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. మూకుడు వంక చూశాడు. ఉస్తాద్ వంక చూశాడు. మళ్లీ రుద్దాడు.

మామూలుగా మూడో రుద్దుకి నలుపు దిగుతుంది. అయిదో రుద్దుకి కూడా సురాయి బూడిదలో పొర్లాడిన పిల్లిలా ఉంది. మెడ దగ్గర ఒక రంగు, పొట్ట దగ్గర ఒక రంగు. వెండి తీగతో వేసిన లతలు ఎక్కడ మొదలై ఎక్కడ పోతున్నాయో తెలియడం లేదు.

“ఆపుదమా ఉస్తాద్?”

“వేడి చాలలే. ఇంకోటి ముంచు.”

రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది ముంచేటప్పుడు కల్లప్ప అడగలేదు. ఉస్తాద్ చెప్పనూ లేదు. తల ఊపాడు.

ఇంతియాజ్ వచ్చేసరికి నాలుగు సురాయిలు గోనె మీద వరసగా ఉన్నాయి. అతను ఒకదాన్ని వెలుతురుకి పట్టుకున్నాడు.

“ఏందిది? సురాయా, సిమెంటు గొట్టమా?”

దాన్ని మళ్లీ గోనె మీద పెట్టి కొలిమి వైపు తిరిగాడు.

“కల్లప్పా, నీళ్లు ఎక్కువ పోసినవా?”

“ఎప్పటి లెక్కనే పోసిన భాయ్.”

“నవసాగరం?”

“ఎప్పటి లెక్కనే.”

“అంటే తప్పు మట్టిదంటవా? ఉస్తాద్ చూసిన మట్టిది?”

గదిలో ఉన్న ఏడుగురి కళ్లూ ఉస్తాద్ మీదికి తిరిగాయి. ఆయన నాలుక కదిలింది. రుచికి చచ్చిన నాలుక మాటకి మాత్రం చక్కగా పనిచేసింది.

“నీళ్లు ఎక్కువైనయి,” అన్నాడు.

“విన్నవా?” అన్నాడు ఇంతియాజ్. “రేపటిసంది నువ్వు ఆకురాయి పట్టు. ఈ నాలుగూ రుద్ది తెల్లగ జెయ్. చూసుకో, వెండి పల్చబడితే అదొకటి మళ్ల. పొయ్యికాడ వేరేటోన్ని కూసోబెడత.”

కల్లప్ప మూకుడు దించాడు. పారబోశాడు. ఇసకతో తోమి బోర్లించాడు. పటకారు తుడిచి దాని మేకుకి తగిలించాడు. తర్వాత ఇరవై రెండేళ్లుగా తాను కూర్చుంటున్న గోనెసంచి మడత తీసి, రెండుసార్లు దులిపి, కొలిమి దగ్గరనుంచి గోడవారకి తెచ్చి పరుచుకున్నాడు. ఎనిమిది అడుగుల దూరం. అంత పొడవు నడక ఉస్తాద్ ఎన్నడూ చూడలేదు.

సిగ్గు పడాలని ఆయనకి తెలుసు. ఎదురుచూశాడు. సిగ్గు రాలేదు. అదీ మట్టిలాగే నోట్లో కరకరమంది, అంతే.

*

శనివారం మందుల షాపుకి వెళ్లాడు. బస్వరాజు వేరేవాళ్ల పట్టీ కత్తిరిస్తున్నాడు.

“ఒంటి మీది దద్దు మందు నాలుక మీదికెందుకెక్కుతది చాచా? వయసు. నోరు జర రెస్ట్ అడుగుతుంది.”

“యాభై ఎనిమిదికే?”

“మా అవ్వకి నోరు ఎనభైకి గూడ రెస్ట్ అడగలే. అది మాట్లాడే నోరనుకో.” నవ్వి, “అంత అనుమానమైతే డాక్టరమ్మని అడుగు,” అన్నాడు.

డాక్టరమ్మ దగ్గర టోకెను పంతొమ్మిది. బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలామె సంచిలోంచి మరమరాలు తీసి ఇచ్చింది. కాదనడం బాగుండదని తిన్నాడు. కాగితం నమిలినట్టుంది. “ఉప్పు ఎక్కువైందా?” అని ఆమె అడిగింది. సరిపోయిందన్నాడు. ఈ మధ్య ఆయన చెప్పే అబద్ధాలన్నిటికీ ఉప్పు సరిపోతోంది.

లోపల డాక్టరమ్మ నడుము చూసి సంతోషపడింది. “బాగా తగ్గింది కదా! ఇంకేంటి ఇబ్బంది?”

చెప్పాడు. ఆమె రాస్తున్న పెన్ను ఆపింది.

“ఎన్నాళ్లనుంచి?”

“రెండు వారాలు దాటింది.”

“రెండు వారాలా! అప్పుడే రావొద్దా చాచా? ఈ మందు కొద్దిమందికి నోటి రుచి తీసేస్తుంది. పెట్టెలో కాగితం ఉంటుంది, అందులో రాసి ఉంటుంది.”

“పెట్టె షాపుల ఉన్నది మేడం. నాకొచ్చింది పట్టీ.”

“నేనూ చెప్పలేదు,” అంది. “చెప్పాల్సింది. ఇవాళ్టినుంచి మాత్రలు ఆపేయండి. మిగిలిన చోటికి పూతమందు రాస్తాను. రుచి తిరిగొస్తుంది, భయపడకండి. కాకపోతే వెంటనే రాదు. వారాలు పట్టొచ్చు. ఒక్కోసారి నెలలు.”

“నెలలా?”

“అన్నం సహించకపోతే బరువు తగ్గిపోతారు, చూసుకుంటూ ఉండండి. నెలకొకసారి కనబడండి. మీరేం పని చేస్తారు?”

“మట్టి తింట.”

పెన్ను మళ్లీ ఆగింది. “ఎన్నేళ్లనుంచి ఉంది ఈ అలవాటు?”

“నలభై ఏళ్లు.”

“రోజూనా?”

“శుక్రవారం నమాజుకి ముందు తినను.”

డాక్టరమ్మ గబగబా రక్తపరీక్ష రాసింది, నులిపురుగుల మందు రాయబోయింది. ఆయన బిద్రీ పని గురించి విడమర్చి చెప్పేసరికి బయట టోకెను ఇరవై కేకేస్తోంది. ఆమె రాసింది కొట్టేసి, చీటీ వెనక్కి తిప్పి, ముందువైపు అప్పట్లో తాను రాసిన మాత్రల పేరు మళ్లీ చదువుకుంది.

“అయితే మీ పనికి ఇది చాలా నష్టమే,” అంది. “మీ బదులు రుచి చూసేవాళ్లు ఇంకెవరూ లేరా?”

“లేరు,” అన్నాడు. అనేశాక, ఆ ప్రశ్న తననెవరూ ఎప్పుడూ అడగలేదని తోచింది.

*

ఆదివారం కల్లప్ప గోడవార కూర్చుని మూడో సురాయి రుద్దుతున్నాడు. బూడిద పొర పోవాలి, కింద వెండి పోకూడదు. నాలుగు రుద్దులకోసారి ఆపి బొటనవేలితో తీగని తడుముతున్నాడు. కొలిమి దగ్గర కొత్త మనిషి ఇంకా రాలేదు. మూకుడు బోర్లించినట్టే ఉంది.

సందు మలుపు హోటల్‌నుంచి చాయ్ కెటిల్ వచ్చింది. ఎప్పటిలాగే కల్లప్ప లేచి అందరికీ పోశాడు. చివరికి రెండు కప్పులు మిగిలాయి. అటు తిరిగి పోసి, ఒకటి ఉస్తాద్‌కి ఇచ్చి, రెండోది పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఎదురుగా కూర్చోవడం అతని అలవాటు కాదు.

ఉస్తాద్ తాగాడు. వేడిగా ఉంది. వేడి ఒక్కటే ఇప్పుడు ఆయన్ని పలకరించే చుట్టం. కల్లప్ప ఒక గుటక వేసి కప్పు కింద పెట్టాడు. మళ్లీ తీయలేదు. ఉస్తాద్ అడుగుదాకా తాగి, కప్పు వంచి చివరి చుక్క కూడా నాలుక మీద వేసుకున్నాడు.

“చాయ్ ఎట్లుంది ఉస్తాద్?”

“మంచిగుంది.”

కల్లప్ప ఆయన మొహం వంక చాలాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. దారి తప్పినవాడు మైలురాయిని చూసినట్టు చూశాడు. తర్వాత తన కప్పు తీసుకెళ్లి కాలువలో ఒంపేశాడు. జామకాయల్లోకి ఎవరో తెచ్చుకున్న ఉప్పు పొట్లం కెటిల్ పక్కన విప్పి ఉంది. దాన్ని మడిచి కిటికీలో పెట్టాడు. ఉస్తాద్ అదంతా చూశాడు. చూసి, పట్టించుకోలేదు. ఆ రోజుల్లో ఆయనకి ఏదీ పట్టడం లేదు.

*

సోమవారం పొద్దున కోటనుంచి కొత్త మట్టి మూడు బస్తాలు వచ్చింది. పక్క కార్ఖానా ఫసీ భాయ్, ఇంకో ఇద్దరు తమ మట్టి కూడా పొట్లాలు కట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఇంతియాజ్ మొదటి బస్తా మూతి విప్పాడు.

“చాచా, ఇయ్యాల జర గట్టి మట్టి చూడుండ్రి. ఎవడు నీళ్లు పోసినా పాడు కావొద్దు.”

ఉస్తాద్ అబద్ధం చెప్పడానికే వచ్చాడు. పొద్దున మొహం కడుక్కుంటూ ఆ సంగతి తేల్చుకున్నాడు. మూడింట్లో ఒకదానికి ‘చల్తా’ అంటే అయిపోతుంది. నెలలు ఎలాగో గడుస్తాయి. రంగు చూసి చెప్పొచ్చు, వాసన చూసి చెప్పొచ్చు. తప్పితే, నీళ్లు పోసేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు.

చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఆకురాళ్లు ఆగాయి.

చల్లదనం లేదు. పులుపు లేదు. చురుకు లేదు. చేదు లేదు.

కళ్లు తెరిచాడు. ఎదురుగా గోడవార కల్లప్ప కనిపించాడు. నాలుగో సురాయి ఒళ్లో ఉంది. ఆకురాయి గాలిలో ఆగి ఉంది. అందరికంటే ముందు ఆపినట్టున్నాడు. తన కొలువు పోగొట్టిన నాలుక కోసం, ఊపిరి బిగపట్టి, మర్యాదగా ఎదురుచూస్తున్నాడు.

“తెల్వదు,” అన్నాడు ఉస్తాద్.

ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినని మాట అది. ‘కుదరదు’ కాదు, ‘చల్తా’ కాదు. ఫసీ భాయ్ చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది.

“ఏం చాచా?” అన్నాడు ఇంతియాజ్.

“నాకు తెల్వదు. రెండు వారాలాయె, నా నాలుక పని జేస్తలేదు. దద్దుకి మింగిన గోళీలు తినేసినయి. మొన్న గూడ తెల్వకనే చల్తా అన్న. నాలుగు సురాయిలు పాడు జేసింది నేను. కల్లప్ప నీళ్లు సరిగనే పోసిండు.”

“చాచా, బయటోళ్ల ముందర...”

“బయటోళ్లు గూడ వినాలె. పోయినవారం ఎవరికన్న చల్తా అన్ననా?”

“మాకు కుదరదే అన్నరు,” అన్నాడు ఫసీ భాయ్. కాస్త ఆగి, “ఎన్నడన్న చల్తా అంటరని ఆశపడుతుంటిమి. అనకపోవుడే మంచిగైంది,” అన్నాడు. ఒకరిద్దరు నవ్వబోయి మానేశారు.

ఉస్తాద్ లేచాడు. బస్తాలోంచి ఇంకో చిటికెడు తీసుకుని ఆ ఎనిమిది అడుగులూ నడిచి, గోడవార వంగి, కల్లప్ప ముందు చెయ్యి చాచాడు.

“నువ్వు జెప్పు.”

కల్లప్ప చేతులు వెనక్కి తీసుకున్నాడు. “నేనెన్నడూ మట్టి నోట్ల ఎయ్యలే ఉస్తాద్.”

“ఎయ్యలేదా?”

“ఏసుకోలే. చిమ్మి పడుతది.” కల్లప్ప పెదాలు తుడుచుకున్నాడు, ఇప్పుడే పడ్డట్టు. “ఇరవై రెండేండ్లు. పడని దినం లేదు.”

“అయితే శుక్రవారం గూడ పడ్డది.”

“పడ్డది.”

“తెలిసింది.”

“తెలిసింది ఉస్తాద్. చప్పగ ఉండె.”

“మరి చెప్పలేదేంరా?”

కల్లప్ప సురాయిని ఒళ్లోంచి తీసి గోనె మీద పెట్టాడు. అంత పెద్ద మాట అతను అంతకుముందు చెప్పి ఉండడు. అందుకని నెమ్మదిగా చెప్పాడు. “మీరు చల్తా అంటిరి గదా. మీరు చల్తా అన్నది నాకు చప్పగున్నదంటే, చెడింది నా నాలుకే అనుకున్న. రెండు దినాలు ఇంట్ల అన్నం గూడ భయపడుకుంట తిన్న. నిన్న చాయ్‌ల ఉప్పేసి చూసిన. నా కప్పుల, మీ కప్పుల. నాది గుటక దిగలే.”

నిన్న చుక్క మిగలకుండా తాగి ‘మంచిగుంది’ అన్న చాయ్ ఉస్తాద్ గొంతులో ఇప్పుడు దిగింది. ఇన్నాళ్లూ రాని సిగ్గు దాని వెనకే వచ్చింది. దానికి రుచి ఉంది. ఉప్పగా ఉంది.

“తెలిసినంక గూడ చెప్పలే నువ్వు,” అన్నాడు.

“మీరు చెప్తరని.”

ఉస్తాద్ చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. కల్లప్ప లుంగీకి వేళ్లు తుడుచుకుని, ఆ అరచేతిలోంచి మట్టి తీసుకుని నాలుక మీద వేసుకున్నాడు. కళ్లు మూసుకోవాలేమోనని అనుమానం వచ్చి, మూసుకున్నాడు. ఆకురాయి ఒక్కటీ కదల్లేదు.

“ఏమొస్తుంది ముందల?” గుసగుసగా అడిగాడు ఉస్తాద్.

“సల్లగ.”

“ఎనక?”

“పుల్లగ... కొద్దిగ. ఆగుండ్రి.” చాలాసేపు ఆగాడు. “అంచులకేం లేదు. చురుక్కుమంటలేదు.”

“అయితే?”

కల్లప్ప కళ్లు తెరిచి ఇంతియాజ్ వంక, అరుగు మీది మనుషుల వంక, చివరికి ఉస్తాద్ వంక చూశాడు.

“కుదరదు,” అన్నాడు.

రెండో బస్తా కూడా కుదరలేదు. మూడోదానికి అతను మాట చెప్పకముందే మొహం చిట్లించాడు, గొంతు దగ్గర చేదు తగిలిందేమో. “చల్తా,” అన్నాడు. ఇంతియాజ్ కాసేపు గుమ్మానికి ఆనుకుని నిలబడి, బోర్లించిన మూకుడు తీసి కొలిమి మీద పెట్టాడు. కల్లప్ప తన గోనెసంచి కోసం వంగేసరికి దాని మీద ఉస్తాద్ కూర్చుని ఉన్నాడు.

“ఇది ఉండనీ. నువ్వు నాది తీసుకపో,” అన్నాడు. నాలుగో సురాయి ఒళ్లో పెట్టుకుని, ఆకురాయి అందుకుని, బొటనవేలితో వెండి తీగ ఎక్కడుందో తడుముకున్నాడు. వేలికి తెలిసింది. రుద్దడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి కొలిమి దగ్గర అయిదో సురాయి మూడో రుద్దుకే నల్లబడింది. ఎవరో చూడమని పిలిచారు. ఉస్తాద్ తలెత్తి చూసి, బాగుందని తలూపి, మళ్లీ తన పనిలోకి వంగాడు.

చాయ్ వచ్చింది. కల్లప్ప కప్పు తెచ్చి ముందు పెట్టాడు. ఉస్తాద్ దాన్ని తీసుకోలేదు.

“దీంట్ల ఏముంది?” అన్నాడు.

“చక్కెర, ఉస్తాద్.”

“ఎంత?”

“జర ఎక్కువనే ఏసిన.”

ఉస్తాద్ కప్పు ఎత్తి ఒక గుటక వేశాడు. వేడి తప్ప ఇంకేమీ తెలియలేదు.

“అవును,” అన్నాడు. “తియ్యగుంది.”